మూడో వన్స్ మోర్

ఏలూరులో ఆ రోజుల్లో కొత్త టాకీ వచ్చిందంటే దానికి రెండు విడుదలలు. మొదటిది శనివారం సాయంత్రం డేరాలో. రెండోది ఆదివారం పొద్దున కాఫీ హోటల్లో, పాండురంగారావు నోట. మొదటిది ఎంత బాగున్నా రెండోది చెడితే డేరావాడు సోమవారం నుంచి ఈగలు తోలుకోవలసిందే.

పాండురంగారావు ఏమంత గొప్పవాడయ్యా అంటే, ఏమీ కాడు. తివాచీల కంపెనీలో తనిఖీ గుమాస్తా. నేతగాళ్ళు నెలల తరబడి వేళ్ళు అరగదీసుకొని నేసిన తివాచీని తిరగేసి, ముడి వదులైన చోట సుద్దముక్కతో గీత పెట్టడం ఆయన ఉద్యోగం. గీత పడితే కూలీలో కోత పడేది. బాగున్న చోట గీత పెట్టే ఆచారం ఏ కంపెనీలోనూ లేదు కదా. అందువల్ల ఏళ్ళ తరబడి తప్పు తప్ప మరొకటి ఆయన కళ్ళపడ్డ పాపాన పోలేదు. ఇంటికి వచ్చినా సుద్దముక్క జేబులోనే ఉండేది. పులుసులో ఉప్పు ఒక్క పలుకు తగ్గితే నోరెత్తి తిట్టేవాడు కాడు. తిట్టినా బాగుండేది. పీట పక్కన గచ్చు మీద సుద్దతో గీత గీసి చెయ్యి కడుక్కునేవాడు. ఆయన భార్య వెంకటసుబ్బలక్ష్మి ఎంగిలితో పాటు ఆ గీతనూ తడిగుడ్డతో తుడుచుకునేది. ఇదేం పాడుబుద్ధిరా అని అడగడానికి ఆ ఇంట్లో పెద్దదిక్కు లేదు. పిల్లలూ లేరు.

కాఫీ హోటల్లో గుమ్మం పక్క బల్ల ఆయనది. ఎదురుగా హనుమంతరావు కూర్చునేవాడు. ఈ హనుమంతరావు ప్లీడరు గుమాస్తా. కోర్టు దగ్గర సాక్షుల్ని ఎగదోసే అలవాటు ఇక్కడా మానుకోలేదు.

"ఏవండీ పాండురంగారావుగారూ, రాత్రి బొమ్మ ఎలా ఉందండీ?"

పాండురంగారావు వెంటనే చెప్పేవాడు కాడు. కాఫీని గ్లాసులోంచి గిన్నెలోకీ, గిన్నెలోంచి గ్లాసులోకీ నురుగు వచ్చేదాకా తిరగబోసేవాడు. పక్క బల్లలవాళ్ళు ఇడ్లీ నమలడం ఆపేవాళ్ళు.

"అడవిలో రాజకుమారి ఒంటరిగా ఏడుస్తోందన్నారు. పొద వెనకాల హార్మణీ వాయించేవాడి మోచెయ్యి కనిపిస్తూనే ఉంది. ఇక ఒంటరి ఎలా అవుతుందండీ?"

హోటలంతా నవ్వు.

"మరి మహర్షి వేషం బాగుందన్నారండీ?"

"తపస్సులో ఉండగా రైలు కూత వినపడింది. స్టూడియో పక్కనే స్టేషను కాబోలు. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మోక్షానికో, మెయిలుకో మరి."

"అమ్మాయి పాడిందటగా?"

"పాట బాగుంది. పాడినంతసేపూ కళ్ళు మూసుకుంటే ఇంకా బాగుంటుంది. నేను కళ్ళకి కూడా కలిపే టిక్కెట్టు కొన్నాను."

ఇలా ఉండేవి తీర్పులు. పన్నెండేళ్ళ బాలుడి వేషానికి ముగ్గురు పిల్లల తండ్రిని తెచ్చారనీ, గెడ్డం గీసిన చోట పచ్చగా మెరుస్తోందనీ అంటే, ఆ బొమ్మ ఆ వారం గడవలేదు. యుద్ధంలో ఏనుగు గోనెపట్టాతో చేసినదనీ, వెనక కాళ్ళు రెండూ రెండు దారుల్లో పోయాయనీ అంటే, చూడని వాళ్ళు కూడా చూసినట్టే నవ్వుకున్నారు. ఆయన మెప్పుకోలు ఒక్కటే మాట. "చూడొచ్చు." ఆ మాట ఏడాదికి ఒకసారి వచ్చేదో లేదో. చెప్పినవాటిలో అబద్ధం ఉండేది కాదు, అదే వచ్చిన చిక్కు. మోచెయ్యి కనిపించిన మాట నిజం, రైలు కూసిన మాటా నిజమే. ఆ అమ్మాయి గొంతు విని మొన్నటిదాకా నిద్రపట్టని మనుషులు కూడా, ఆయన మాట విన్న తరవాత, ఆ గొంతు గుర్తొచ్చినప్పుడల్లా ఆ మొహాన్ని తలుచుకొని నవ్వడం మొదలుపెట్టారు. మంచిని చెడగొట్టడానికి నిజం చాలు, అబద్ధం దాకా పోనక్కరలేదు.

అసలు ఈ పెద్దరికం ఆయనకు టాకీలతో వచ్చింది కాదు. నాటకాల నాటిది. మనవాళ్ళకి పద్యమంటే ప్రాణం. నటుడు రాగం ఎత్తి పద్యం బాగా పాడితే "వన్స్ మోర్" అని కేకపెట్టాలి. కేకపడ్డాక పాడి తీరాలి. యుద్ధంలో చచ్చి పడివున్న రాజు కూడా లేచి, కిరీటం సర్దుకొని, చచ్చేముందు పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకొని చచ్చేవాడు. గొంతు సహకరించకపోతే రెండు చేతులూ జోడించాలి. కేకపెట్టినవాడు ఎత్తిన చెయ్యి దించి కూర్చుంటే వదిలేసినట్టు. దించకపోతే పాడవలసిందే. పాడకపోతే సభను అవమానించినట్టు, ఇక ఆ చుట్టుపక్కల వాడికి నాటకం లేదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన మాట కాదు గానీ, ఏలూరు మొదలు తాడేపల్లిగూడెం దాకా దీన్ని మీరిన నటుడు లేడు. ఏలూరువాళ్ళు ఉన్న సభలో ఆ మొదటి కేక పాండురంగారావుది. ఆయన నోరు తెరవనిదే మిగతావాళ్ళు తెరిచేవాళ్ళు కారు. బాగుందో లేదో ఆయన మొహం చూసి తెలుసుకునేవాళ్ళు.

టాకీ వచ్చిన కొత్తలో ఈయన పరువు కాస్త దెబ్బతిన్నది. తెర మీద ఎవరో పద్యం పాడితే అలవాటుగా లేచి చెయ్యెత్తి "వన్స్ మోర్" అన్నాడు. తెర మీది మనిషి ఈయన్ని లెక్కచెయ్యకుండా గుర్రమెక్కి పోయాడు. నేల క్లాసు వాళ్ళు పడీ పడీ నవ్వారు. పాండురంగారావు మొహం కందగడ్డ అయింది. మర్నాడు పొద్దున హోటల్లో ఆ బొమ్మకు పట్టిన గతి చెప్పనక్కరలేదు. డేరా మేనేజరు లబలబలాడుతూ మిషను నడిపే ఏసోబును పిలిచాడు. ఏసోబు క్రైస్తవ మిషన్ వాళ్ళ వర్క్‌షాపులో పని నేర్చినవాడు, నెమ్మదైనవాడు. "ఆయనగారు వన్స్ మోర్ అంటే రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యి" అన్నాడు మేనేజరు. అలాగేనండీ అన్నాడు ఏసోబు. ఆపైన తెర మీది రాజులూ రాణులూ కూడా పాండురంగారావు చెయ్యెత్తితే వెనక్కి నడిచొచ్చి మళ్ళీ పాడేవాళ్ళు. గుర్రమెక్కినవాడు కూడా దిగివచ్చి పాడేవాడు.

అక్కడే మనిషి పూర్తిగా పాడైపోయాడు. యంత్రం ఎన్నిసార్లు పాడినా వెంట్రుకవాసి తేడా రాదు. దమ్ము చాలకపోవడం ఉండదు, దాహం వెయ్యదు. దానికి అలవాటుపడ్డ చెవితో ఆయన మనుషుల పాట వినడం మొదలుపెట్టాడు. రెండోసారి పాడినప్పుడు మొదటిసారికన్నా ఒక్క పలుకు తగ్గినా జేబులో వేళ్ళు సుద్దముక్కను తడుముకునేవి.

ఇప్పుడు అనంతరామయ్యగారి సంగతి చెప్పాలి. వెంకటసుబ్బలక్ష్మికి సొంత అన్నగారు. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఊరు. ఆరడుగుల మనిషి, రాజు వేషం వేస్తే సింహాసనం చిన్నదైపోయేది. పదివేలమంది సభలో మైకు లేకుండా చివరి వరసకు పద్యం అందించిన గొంతు అది. ఆ గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, ఆయనకీ తోచలేదు. తీరా టాకీలు వచ్చి నాటకాలు ఎత్తిపోయేసరికి గొంతులో పుండు మిగిలింది. డాక్టరుగారు చూసి, "రోజుకు ఒక్కసారి పాడుకోండి, మహా అయితే రెండుసార్లు. అంతకుమించితే మాట కూడా మిగలదు" అని చెప్పేశారు. పెట్టె నిండా కిరీటాలున్నాయి, ఇంట్లో నలుగురు పిల్లలున్నారు. కిరీటాలు ఉడకేసి పెట్టలేరు కదా.

అలాంటి మనిషికి దేవుడు ఒక్కసారి కన్ను తెరిచాడు. మద్రాసులో టాకీ కంపెనీవారికి రాజు వేషానికి మనిషి కావాలట. కంపెనీ తరఫు శ్రీనివాసరావుగారు తాడేపల్లిగూడెం వస్తారు, అక్కడ ధాన్యం మిల్లు ఆవరణలో వేసే నాటకంలో ఈయన పద్యం వింటారు, నచ్చితే వెంట తీసుకుపోతారు. "టాకీలో అయితే ఒక్కసారి పాడితే చాలు సుబ్బులూ" అన్నాడు అనంతరామయ్య చెల్లెలితో. "ఆ ఒక్కసారే ఊరూరా వినిపిస్తారు. నా గొంతుకి తగ్గ ఉద్యోగం."

కొల్లేరు పడవ మీద దాటి నాటకానికి ముందే ఏలూరు వచ్చి చెల్లెలింట్లో దిగాడు. వచ్చినప్పుడు అన్న ఆ రెండు మాటలే. తరవాత గొంతు దాచుకోవడానికి మౌనం పట్టాడు. మంచినీళ్ళు కావాలన్నా చేత్తో సైగే. వెంకటసుబ్బలక్ష్మి పూటపూటా మిరియాల పాలు కాచి ఇచ్చేది, మెడకు ఉన్ని గుడ్డ చుట్టేది. పెళ్ళైన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె వండినదానికి గీత పడని రోజులు అవే. అనంతరామయ్య ప్రతిపూటా విస్తరి నాకినట్టు తిని, చెల్లెలి వంక చూసి రెండు చేతులూ ఎత్తి, బ్రహ్మాండమని సైగ చేసేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. పాండురంగారావు అది చూసి, మొహమాటానికి కూడా హద్దుండాలి బావగారూ అన్నాడు.

నాటకానికి ముందురోజు ఆమె భర్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏవండీ, ఒక్క మాట."

"ఊఁ."

"రేపు మీరు వన్స్ మోర్ అనకండి. మీరు అనకపోతే ఇంకెవరూ అనరు. అన్నయ్య గొంతు ఒక్కసారికే ఉంది. డాక్టరుగారు చెప్పింది మీరూ విన్నారుగా."

"బావగారు బాగా పాడితే?"

"బాగా పాడితే మనసులోనే అనుకోండి. ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేనేమీ అడగలేదు."

ఆ మాట నిజమే. పాండురంగారావు కాస్త తబ్బిబ్బయ్యాడు. "సరేలే, అననులే. మా బావగారు పైకి రావడం నాకిష్టం లేదనుకున్నావా?" అన్నాడు. ఆయనకు నిజంగానే ఇష్టం. అలా అని ఆయన మీద లేనిపోని పాపం వెయ్యకూడదు.

మర్నాడు రైల్లో హనుమంతరావు తగులుకున్నాడు. హోటల్ బృందమంతా బయల్దేరింది. భీమడోలు దాటాక మెల్లగా ఎత్తుకున్నాడు.

"బావగారి నాటకం కదండీ. ఇవాళ మీ తీర్పుకి సెలవేనేమో."

"సెలవేవిటండీ?"

"అబ్బే, ఏం లేదు. అయినవాళ్ళు కదా, మొహమాటం ఉంటుంది. మేమేమీ అనుకోం లెండి. రేపు హోటల్లో అడగం కూడాను."

పాండురంగారావు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ మాట మాత్రం చెప్పులో దూరిన తేలులా గూడెం దాకా కుడుతూనే ఉంది.

మిల్లు ఆవరణ నిండిపోయింది. వడ్లబస్తాలు మెట్లుగా పేర్చి వాటి మీద కూడా కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీలు. శ్రీనివాసరావుగారు జరీకండువా వేసుకొని కూర్చుంటే, ఊరి పెద్దలు పాండురంగారావును తెచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఈయనగారు నాటకం తెలిసినవారండీ అని పరిచయం చేశారు. పాండురంగారావు అప్పటికే సగం పొంగిపోయాడు.

రాజ్యం పోయి అడవిలో కొడుకును పోగొట్టుకున్న రాజు వేషంలో అనంతరామయ్య వచ్చాడు. చిరిగిన కాషాయం, బోడి మెడ. వేదిక మధ్యకు నడిచాడు. తరవాత కూర్చుని, ఖాళీ ఒళ్ళోకి చూసుకుంటూ పద్యం ఎత్తుకున్నాడు. రోజుల తరబడి మౌనం పట్టి దాచుకున్న గొంతు అది. మొదట్లో పక్కవాడితో చెప్పుకున్నట్టు మెల్లగా మొదలై, మూడో పాదంలో పైకి లేచి, మిల్లు రేకుల కప్పు మోగిపోయింది. బస్తాల మీద కూర్చున్న జట్టు కూలీలు తలపాగాలు తీసేశారు. స్త్రీల వైపు ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. పాండురంగారావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవును, ఆయనకే. సుద్దముక్క జేబులో ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు.

పద్యం అయిపోయింది. సభంతా పాండురంగారావు వంక చూసింది. ఆయన పళ్ళ బిగువున కూర్చున్నాడు. ఇచ్చిన మాట ఉంది. వేదిక మీద అనంతరామయ్య కూడా బావగారి వంకే చూశాడు, చూసి కృతజ్ఞతగా తల వంచాడు.

శ్రీనివాసరావుగారు పక్కకు వంగారు. "నాకైతే ఒళ్ళు జలదరించిందండీ. మీ జిల్లాలో బాగుంటే వన్స్ మోర్ అంటారని విన్నానే. ఎవరూ అనలేదేం? నచ్చలేదాండీ మీకు?"

చూశారా ఇరకాటం. అంటే గొంతుకి చేటు, అనకపోతే పేరుకి చేటు. పాండురంగారావు ఒక్క క్షణం తడబడి లేచి చెయ్యెత్తి "వన్స్ మోర్" అన్నాడు. సభంతా ఆ కేక అందుకుంది. దీనికి ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు.

అనంతరామయ్య లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడాడు. మళ్ళీ బాగానే పాడాడు. శ్రీనివాసరావుగారు తొడ మీద తట్టుకొని, "ఇక చాలండీ. మనిషి దొరికాడు. రేపు మెయిల్లో మాతో తీసుకుపోతాం" అన్నారు, చుట్టుపక్కల అందరికీ వినపడేలా. అంటే పని అయిపోయింది. నలుగురు పిల్లలకు అన్నం దొరికింది. పాండురంగారావు కూర్చుంటే చాలు.

ఆయన కూర్చోలేదు. రెండోసారి మూడో పాదం దగ్గర గొంతు ఒక్క పిసరు జారింది. అంతమందిలో అది వినపడ్డది ఆయన ఒక్కడికే. వెనక వరసలో హనుమంతరావు నవ్వుతున్నాడేమో, బావగారు కనక సరిపెట్టుకున్నాడని రేపు హోటల్లో అంటాడేమో. అన్నిటికన్నా, తప్పు కనపడ్డాక గీత పెట్టకుండా లేచిపోయిన రోజు ఆయన జీవితంలో లేదు. చెయ్యి ఇంకా పైనే ఉంది.

"మూడో పాదం జారింది. నిలిచేదాకా వినాలి. వన్స్ మోర్."

అనంతరామయ్య నిలబడిపోయాడు. ఇంతమంది ఎదుట రాజు వేషంలో ఉన్న మనిషి రెండు చేతులూ జోడించాడు. పాండురంగారావు చెయ్యి దించలేదు. అనంతరామయ్య చేతులు మరింత పైకి, నుదుటి దాకా ఎత్తి జోడించాడు. ఎవరో "వదిలెయ్యండి పాపం" అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. పాండురంగారావుకు ఆ క్షణంలో ఎలా ఉందో చెప్పమంటారా? హాయిగా ఉంది. ఆరడుగుల మనిషి, లోకం మెచ్చిన గొంతు, తన ఇంట్లో తన భార్య వంటను తనకన్నా ముందు మెచ్చిన మనిషి, తన చేతి కింద నిలబడి ఉన్నాడు. ఆ హాయి కోసం ఆయన చెయ్యి అలాగే ఉంచాడు.

అనంతరామయ్య పాడాడు. మొదటి పాదం నడిచింది. రెండో పాదం ఈడ్చుకుంటూ వచ్చింది. మూడో పాదం ఎత్తేసరికి గొంతులో పాతగుడ్డ చింపినట్టు చప్పుడు వచ్చి, ఇక ఏమీ రాలేదు. నోరు తెరిచే ఉంది, పెదవులు పద్యాన్ని చెబుతూనే ఉన్నాయి, శబ్దం లేదు. మొదట జనం మెడలు సాచి చూశారు. తరవాత బస్తాల మీద ఒకడు కూతపెట్టాడు. ఇక ఆవరణంతా ఈలలు. ఇందాక తలపాగాలు తీసినవాళ్ళే అవి ఎగరేశారు. తెర దించేశారు. శ్రీనివాసరావుగారు కండువా సర్దుకుంటూ, "అయ్యయ్యో, గొంతు జబ్బు మనిషాండీ. ముందే తెలిసింది, నయమే" అని లేచారు.

అనంతరామయ్య ఏలూరు రాలేదు. అటునుంచి అటే కొల్లేటికి పోయాడు. పాండురంగారావు తెల్లవారి ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"అన్నయ్య ఏడండీ?"

"ఊరెళ్ళాడు. గొంతు నిలవలేదు. మూడోసారికి పోయింది."

"మూడోసారా?" అంది ఆమె. "ఎవరన్నారు?" అని అడిగింది.

"మూడో పాదం జారిందోయ్. అక్కడ వదిలేస్తే, బావగారు కనక పాండురంగారావు వదిలేశాడంటారు. నా మాటకి విలువేం ఉంటుంది?"

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి కాఫీ కాచి తెచ్చి ముందు పెట్టింది. ఆదివారం కనక పాండురంగారావు హోటల్‌కి వెళ్ళాడు. హోటల్లో ఆయన పేరు ఆ రోజు మరో మెట్టు ఎక్కింది. అయినవాణ్ణి కూడా వదలలేదండీ, న్యాయమంటే అదండీ అన్నాడు హనుమంతరావు. ఆ పూట కాఫీ డబ్బులు కూడా హనుమంతరావే ఇచ్చుకున్నాడు.

అనంతరామయ్యకు మాట తిరిగి రాలేదు. చెవి దగ్గర నోరు పెట్టి ఊదినట్టు ఏదో వినపడేది, అంతే. ఏడాది తిరిగేసరికి కిరీటాల పెట్టె కైకలూరులో ఎవరికో అమ్మేశారని తెలిసింది. తరవాత ఒకనాడు హనుమంతరావే కబురు తెచ్చాడు. శ్రీనివాసరావుగారు జాలిపడి ఆయన్ని మద్రాసు పిలిపించారట. గొంతు లేకపోయినా విగ్రహం ఉంది కనక ఏదో వేషం ఇచ్చారట. ఆ బొమ్మ వచ్చే శనివారం ఏలూరు వస్తోందట.

"నేనూ వస్తానండీ" అంది వెంకటసుబ్బలక్ష్మి. ఆమె ఎన్నడూ టాకీ చూసింది కాదు. పాండురంగారావుకు ముచ్చటేసింది. కోపం పోయిందనుకున్నాడు. మంచి చీర కట్టుకో అన్నాడు.

డేరాలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, మధ్యన గుడ్డ కట్టారు. దీపాలు ఆరాక ఆ గుడ్డ తొలగించేవారు. పాండురంగారావు తన కుర్చీలో కూర్చున్నాడు, పక్కన హనుమంతరావు. బొమ్మ సగం గడిచేదాకా అనంతరామయ్య జాడ లేదు. కొండలు గుడ్డ మీద రాసినవనీ, గాలికి హిమాలయం ఊగుతోందనీ పాండురంగారావు మెల్లగా చెబుతుంటే చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకుంటున్నారు. అప్పుడు దర్బారు వచ్చింది. సింహాసనం మీద ఎవరో కుర్రరాజు. పక్కన ద్వారపాలకుడిగా ఈటె పట్టుకొని నిలబడి ఉన్నాడు అనంతరామయ్య. చెప్పవలసిన మాట ఒక్కటి లేదు. కదలడం కూడా లేదు.

కుర్రరాజు లేచి పద్యం ఎత్తుకున్నాడు. మిల్లు ఆవరణలో అనంతరామయ్య పాడిన పద్యమే, బిడ్డను పోగొట్టుకున్న తండ్రిది. సన్నపాటి గొంతు, నాటకం వాసన తెలియని గొంతు. రాజు వెనకాల ద్వారపాలకుడి పెదవులు కదలడం మొదలుపెట్టాయి. పద్యంతో పాటు, ఒక్కో అక్షరం. మూడో పాదం దగ్గర ఆయన మెడ నరాలు ఉబ్బి, గడ్డం పైకి లేచి, నోరు పూర్తిగా తెరుచుకుంది. పాడుతున్నది మాత్రం కుర్రవాడు. ఫోటో తీసేవాళ్ళు చూసుకోలేదో, చూసి ఊరుకున్నారో.

చూసిందెవరంటే పాండురంగారావు. తప్పు కనిపెట్టే కన్ను కదా. ద్వారపాలకుడు పెదవులు కదపడం ఈ బొమ్మలో తప్పు. రేపు హోటల్లో చెప్పవలసిన మాట. అది నాలుక దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పద్యం అయిపోయింది. డేరా అంతా అలవాటుగా ఆయన వంక తిరిగింది. ఆయన చెయ్యి ఎత్తలేదు.

"వన్స్ మోర్."

అది ఆడగొంతు. డేరా ఉలిక్కిపడింది. ఆడవాళ్ళ వైపు వెంకటసుబ్బలక్ష్మి లేచి నిలబడి ఉంది, కుడిచెయ్యి పైకెత్తి. ఏలూరులో ఒక ఆడమనిషి వన్స్ మోర్ అనడం ఎవరూ విని ఎరగరు. ఏసోబు ఏం చెయ్యాలో తోచక మేనేజరు వంక చూశాడు. పాండురంగారావుగారి భార్యండీ అని ఎవరో అన్నారు. అయితే వెయ్యి అన్నాడు మేనేజరు. రీలు వెనక్కి తిరిగింది. కుర్రరాజు కూర్చుని, లేచి, మళ్ళీ పాడాడు. వెనకాల ద్వారపాలకుడు మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి నేల క్లాసువాళ్ళు కూడా చూశారు. "అయ్యో, ఆయన అనంతరామయ్యగారు కదూ" అని ఒకడు అన్నాడు. ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. పద్యం ముగిసేసరికి నవ్వేవాడు లేడు.

"వన్స్ మోర్."

"ఏవిటండీ ఇది, కూర్చోమనండి" అన్నాడు హనుమంతరావు చెవిలో. పాండురంగారావు లేచాడు. పోదామనుకున్నాడు. దారికి అడ్డంగా ఉన్నవాళ్ళు కాళ్ళు ముడవలేదు. తెర మీద మళ్ళీ దర్బారు. యంత్రం కదా, వెంట్రుకవాసి తేడా లేదు. అదే ఈటె, అవే పెదవులు, మూడో పాదం దగ్గర అదే నోరు. ఆనాడు మిల్లు ఆవరణలో తెరుచుకున్న నోరు అలాగే ఉండిపోయినట్టుంది. పాండురంగారావు చూపు తిప్పుకుందామంటే, తిప్పినచోటల్లా జనం ఆయన్నే చూస్తున్నారు.

పద్యం మూడోసారి అయిపోయింది. ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. తెర వెలుగులో భార్య మొహం కనిపిస్తోంది. అందులో కోపం లేదు. పులుసులో ఉప్పు చూసేవాడి మొహంలా ఉంది. ఊరంతా చూస్తుండగా పాండురంగారావు రెండు చేతులూ జోడించాడు. ఆమె చూసింది. అందరికీ తెలుసు, చెయ్యి దించితే వదిలేసినట్టు. ఆయన చేతులు మరింత పైకి, నుదుటి దాకా ఎత్తాడు.

ఆమె చెయ్యి దించలేదు.

"వన్స్ మోర్" అంది.

ఏసోబు రీలు వెనక్కి తిప్పాడు.